దొంగబొమ్మ మన నిజాన్ని మింగుతుంది
(ఎమ్మిగనూరు యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదోని బస్టాండులో మూటాముల్లె సర్దుకొని, పిల్లల్ని చంకనేసుకొని గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే జనాన్ని మనం ఏటా చూస్తున్నాం. అది మన కడుపుకోత. ఇప్పుడు ఆ కడుపుకోతకు కూడా నకిలీ వచ్చింది.

ఈమధ్య మా వాట్సప్‌కు ఒక బొమ్మ వచ్చింది. ఎండిన కాలువ, గట్టు మీద లారీ, లారీ నిండా ఏడుస్తున్న ఆడబిడ్డలు. కింద 'ఎమ్మిగనూరు వలస, ఓటుతో బుద్ధి చెప్పండి' అని రాసివుంది. మేము కదిలిపోయాం. అచ్చుకు పంపబోయాం కూడా. ఇది ఏ ఊరని అడిగితే పంపినవాళ్లు చెప్పలేకపోయారు. పెద్దది చేసి చూస్తే లారీ మీది అక్షరాలు ఏ భాషవీ కావు. ఒక తల్లి చేతికి ఆరు వేళ్లు! కృత్రిమ మేధ, అదే ఏఐ, గీసిన బొమ్మ అది. నాలుగు మాటలు రాసిస్తే నిమిషంలో తయారవుతుంది. పంపినవాళ్లు పరాయివాళ్లు కారు, మనవాళ్లే. సిగ్గుతో చెబుతున్నాం.

2023 నవంబరు 30న తెలంగాణ ఓటర్లు వరసల్లో నిలబడిన వేళ, కాంగ్రెస్‌కు ఓటేయమని బీఆర్ఎస్ నాయకుడు కేటీఆర్ చెబుతున్నట్టు ఏడు సెకన్ల వీడియో ఫోన్లలో తిరిగింది. ఆయన ఆ మాట అనలేదు. అది ఏఐ కల్తీ. ఆ సంగతి తేలేలోపు ఎంతమంది వేలికి సిరా పడిందో ఎవరు లెక్కిస్తారు? 2024 మే 6న, మన పోలింగుకు వారం ముందు, ఇటువంటివి దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసేయాలని ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. పార్టీ తన పేజీలోంచి తీసేస్తుంది సరే, జనం ఫోన్లలో చేరినదాన్ని ఎవరు తీస్తారు?

ఓటు ఒక్కటే కాదు, ఉద్యమమూ దీనివల్ల నష్టపోతుంది. 2025లో హైదరాబాదు కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ గుర్తు చేసుకోండి. బుల్డోజర్లు చెట్లు కూల్చిన మాట నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టే ఆపించింది. కానీ జింకలూ నెమళ్లూ పరుగెడుతున్న ఏఐ బొమ్మలు కొన్ని అసలు ఫోటోల్లో కలిశాయి. చర్చ చెట్ల మీంచి బొమ్మల మీదికి మళ్లింది. ప్రభుత్వానికి సాకు దొరికింది. కేసులూ పెట్టారు.

మన సంగతి చూడండి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. రేపు అటువంటి ఫోటో, ఎండిన ఎల్లెల్సీ ఫోటో మనం చూపిస్తే, 'ఇదీ మొన్నటి ఆరువేళ్ల బొమ్మే' అని పాలకులు కొట్టిపారేస్తే ఏం జవాబు చెబుతాం?

అందుకే మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఊరు, తేదీ, తీసినవాళ్ల పేరు తెలియని ఫోటో వేయం. వేళ్లు లెక్కపెడితే చాలదు, యంత్రం రేపు ఐదే గీస్తుంది. ఆ ఊళ్లో ఒకరికి ఫోన్ చేసి అడగడమే అసలు పరీక్ష. ప్రత్యర్థిని దెబ్బతీసే బొమ్మ అయితే రెండుసార్లు అడగండి, ఎందుకంటే దాన్ని నమ్మాలని మనకే తొందరగా ఉంటుంది.

సుగ్గికి పోయే తల్లి నిజంగానే ఉంది. ఆమెను యంత్రంతో గీయించాల్సిన పని లేదు. బస్టాండుకు పోండి. ఆమెను అడిగి, ఆమె ఊరు రాసుకొని ఫోటో తీయండి. ఆ ఒక్క ఫోటోను ఎవరూ కాదనలేరు.