తెర మీద నాయకుడు, తెర వెనుక సంఘం

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంక్షేమ సంఘం సభలో సినిమాల ప్రసక్తి ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను చెప్పబోయేవి, బలంలేని జనం సంఘం కట్టుకుని, దేశాలు దాటి వచ్చిన పెద్ద కంపెనీలకూ, అప్పులిచ్చే సంస్థలకూ ఎదురు నిలిచిన కథలు. వెనుకటి రోజుల్లో దొరలు సైన్యంతో వచ్చేవారు. ఇప్పుడు కాంట్రాక్టు కాగితంతో వస్తున్నారు. ప్రపంచీకరణ అని మనం గౌరవంగా పిలిచేదానిలో ఈ కొత్త వలస పెత్తనం కూడా ఉంది.

మొదటిది 2010లో ఇసియార్ బొయాయిన్ అనే దర్శకురాలు తీసిన స్పానిష్ చిత్రం. దాని పేరుకు అర్థం "వాన కూడా" అని. కొలంబస్ మీద సినిమా తీయడానికి స్పెయిన్ నుంచి ఒక బృందం బొలీవియాలోని కొచబాంబ పట్టణానికి వస్తుంది. అక్కడికే ఎందుకు? కెచువా ఆదివాసులు రోజుకు రెండు డాలర్లకే వేషం కడతారు కనుక! ఆ సంగతి నిర్మాత ఫోనులో ఇంగ్లీషులో చెప్పుకుని మురిసిపోతుంటే, పక్కనున్న దానియేల్ వింటాడు. అతను అమెరికాలో కూలిపని చేసి వచ్చినవాడు, ఆ భాష తెలుసు. కొలంబస్ నాటి ఆదివాసి నాయకుడి వేషం వేసే ఈ దానియేలే ఊళ్ళో నీళ్ళ పోరాటానికి కూడా నాయకుడు.

ఆ పోరాటం కట్టుకథ కాదు. ప్రపంచబ్యాంకు ఒత్తిడి మీద 1999లో బొలీవియా ప్రభుత్వం ఆ పట్టణపు నీటి సరఫరాను 40 ఏళ్ళకు విదేశీ కంపెనీల కూటమికి అప్పగించింది. అందులో ముఖ్యమైనది అమెరికావారి బెక్టెల్. 2000 జనవరిలో కొందరి బిల్లులు రెట్టింపయ్యాయి. తాము తవ్వుకున్న బావులు కూడా పోతాయనీ, వాన నీళ్ళు పట్టుకోవడానికి కూడా లైసెన్సు కావాలంటారనీ జనం భయపడ్డారు. సినిమాకు ఆ పేరు అందుకే.

సినిమా అన్నాక ఒక నాయకుణ్ణి చూపించాలి కదా! నిజానికి అక్కడ పనిచేసింది సంఘం. రైతులు, ఫ్యాక్టరీ కార్మికులు, పేటల కమిటీలు కలిసి 1999 నవంబరులో సమన్వయ సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వం వినకపోతే 2000 మార్చిలో తామే పెట్టెలు పెట్టి ఓట్లు వేయించారు. ఏప్రిల్‌లో కాల్పులు జరిగి 17 ఏళ్ళ కుర్రవాడు చనిపోయాడు. ఏప్రిల్ 10న కాంట్రాక్టు రద్దయింది.

అంతటితో సుఖాంతమని అనుకోవద్దు. గెలిచాక కూడా దక్షిణపు శివారు పేటలకు ఏళ్ళ తరబడి కుళాయి నీళ్ళు రాలేదు. కంపెనీని తరమడం నెలల పని, నీళ్ళిచ్చే సంస్థను నీతిగా నడపడం ఏళ్ళ పని.

రెండోది అబ్దుర్రహ్మాన్ సిసాకో 2006లో తీసిన "బమాకో". అది మాలి దేశపు రాజధాని. ఒక మామూలు ఇంటి ముంగిట్లో కోర్టు జరుగుతుంది. ముద్దాయిలు ప్రపంచబ్యాంకు, ఐ.ఎం.ఎఫ్. జడ్జీలు, లాయర్లు నిజంగా ఆ వృత్తివారే. ఒకవైపు సాక్ష్యాలు, మరోవైపు బట్టలకు రంగులు వేసే ఆడవాళ్ళు, మధ్యలోంచి పెళ్ళివారు! ఒక ముసలి రైతు తన గోడును తన భాషలో పాటగా వెళ్ళబోసుకుంటాడు. ఆ మాటలకు తెర మీద అనువాదం వేయలేదు. అయినా అర్థంకానివారు ఉండరు.

మాలిలో ముస్లిములే అత్యధికులు. కొచబాంబలో కెచువాలు కొద్దిమంది కారు. అయినా వారి మాట చెల్లలేదు. కనుక మైనారిటీ అంటే తలల లెక్క ఒక్కటే అనుకోకండి, మాట చెల్లుబాటు లెక్క కూడా.

ఇక మన పొరుగు సంగతి. పార్వతీపురం దాటి సరిహద్దు అవతలికి వెళితే ఒడిశాలోని రాయగడ జిల్లా. అక్కడి నియమగిరి కొండల్లో ఉండే డోంగ్రియా కోంధులు కొన్ని వేలమందే. వారి కొండను బాక్సైటు కోసం అడిగింది లండన్ కేంద్రంగా నడిచిన వేదాంత కంపెనీ. వారి మీద 2009లో ఒక చిన్న డాక్యుమెంటరీ వచ్చి, వారి మాట దేశదేశాలకు చేరింది. కానీ కొండను కాపాడింది తెర కాదు. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమన్నది. 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఒక్క ఊరు చీలినా ఏమయ్యేదో ఆలోచించండి.

సోదరులారా! మన సభకు పది మంది తక్కువైతే ఏమవుతుందిలే అనుకుంటాం. చందా రసీదు, సభ్యుల జాబితా, మినిట్సు పుస్తకం – ఇవి చిల్లర పనులని విసుక్కుంటాం. నియమగిరిలో కోర్టు ముందు నిలిచినవి ఇలాంటి సభల తీర్మానాలే. ఈ సినిమాలను పిల్లలతో కూర్చుని చూడండి. నాయకుడు ఎవరని వాళ్ళు అడుగుతారు. అతని వెనకాల పేరు లేకుండా నిలబడినవారిని కూడా చూపించండి.