కడపటి నిమిషము – లారీ రైలీ చరిత్రము



పొద్దు వాలుచున్నదని పనిముట్లు ముందే సర్దుకొనువారు లోకమున పెక్కురు. పొద్దు గ్రుంకువరకును చేయి విడువనివారు కొందరే. అట్టి కొందరిలో నొకడు స్కాట్లండు దేశపు కాలిబంతి ఆటగాడు లారీ రైలీ. ఆ దేశపు జనులు అతనికి ‘లాస్ట్ మినిట్ రైలీ’ యని పేరు పెట్టిరి. అనగా కడపటి నిమిషపు రైలీ. ఒక మనుష్యుని పేరునకు ముందు కాలమానము చేరి బిరుదగుట అరుదు. అది యెట్లు కలిగెనో, దానివలన అతనికి దక్కిన దేమో, దక్కని దేమో విన్నవించుటయే ఈ ప్రసంగమున ఉద్దేశము.

రైలీ 1928 అక్టోబరు 28వ తేదీన ఎడిన్‌బరో నగరమున జన్మించెను. ఐర్లండునుండి పొట్టకూటికై వలసవచ్చినవారు ఆ నగరమున 1875లో హైబర్నియన్ అను క్లబ్బును స్థాపించిరి. రైలీ చిన్ననాటినుండి ఆ క్లబ్బు అభిమానియే. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో, ఇంకను కౌమారము దాటకమునుపే, అందు ఆటగాడయ్యెను. 1958లో ఆట విడుచువరకు వేరొక క్లబ్బు దుస్తులు ధరింపలేదు.

కాలిబంతి ఆటయందు ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు ఆడుదురు. ఆట కాలము 90 నిమిషములు. ఆ దినములలో ముందువరుసను ఐదుగురు నిలుచువారు. వారి నడుమ నిలుచువానిని సెంటర్ ఫార్వర్డ్ అందురు. ఎదుటివారి గోలును సాధించు భారము ముఖ్యముగా అతనిదే. 1949నుండి హైబర్నియన్ ముందువరుసను కుడినుండి యెడమకు గోర్డన్ స్మిత్, బాబీ జాన్‌స్టన్, లారీ రైలీ, ఎడ్డీ టర్న్‌బుల్, విల్లీ ఆర్మండ్ నిలిచిరి. జనులు వారిని ‘ఫేమస్ ఫైవ్’ అనిరి. పాండవులవలె వీరును ఐదుగురే; ఒకని నేర్పు ఒకనికి లేదు, ఒకని లోపమును వేరొకడు పూరించెను. ఈ ఐదుగురిలో ప్రతివాడును ఆ క్లబ్బునకు లీగు ఆటలయందు నూటికి మించి గోల్సు చేసెను. రైలీ పొడగరి కాడు. వేగము, సమయము నెరుగుట, కాలివలెనే తలతోను బంతిని గురి తప్పక కొట్టుట అతని బలములు. యుద్ధానంతర దశాబ్దమున హైబర్నియన్ 1947-48, 1950-51, 1951-52లలో మూడుమార్లు లీగు విజేత యయ్యెను.

నాలుగవ విజయము చేతికందియు జారిపోయెను. 1952-53లో హైబర్నియన్‌కును, రేంజర్స్ క్లబ్బునకును చెరి 43 పాయింట్లు వచ్చినవి. రేంజర్స్ 80 గోల్సు చేసి 39 ఇచ్చుకొన్నది. హైబర్నియన్ 93 చేసి 51 ఇచ్చుకొన్నది. నాటి నియమము ప్రకారము చేసిన గోల్సును ఇచ్చుకొన్న గోల్సుచే భాగింపవలెను. రేంజర్స్‌కు సుమారు 2.05, హైబర్నియన్‌కు సుమారు 1.82 వచ్చినందున విజయము రేంజర్స్‌కు పోయినది. తరువాతి కాలమున భాగహారము పోయి తీసివేత వచ్చినది. ఆ లెక్కను రేంజర్స్‌కు 41, హైబర్నియన్‌కు 42! ఆడినవారు వారే, చేసిన గోల్సు అవే. లెక్క కట్టు తీరు మారిన గెలుపు మారును. లోకమున కీర్తి యెంత బలహీనమగు గణితముపై నిలుచునో దీనివలన తెలియుచున్నది.

ఆ సంవత్సరమే, 1953 ఏప్రిల్ 18వ తేదీన, లండనులోని వెంబ్లీ మైదానమున స్కాట్లండు, ఇంగ్లండు తలపడెను. ఈ రెండు దేశములకు ఆ ఆట వట్టి ఆట కాదు, తరతరముల పౌరుషము. స్కాట్లండు ఆటగా డొకడు గాయపడి వెడలెను. నాడు బదులు ఆటగాని దింపు నియమము లేదు గనుక మిగిలిన పదుగురే ఆడవలసివచ్చెను. ఇంగ్లండు 2-1 ఆధిక్యమున నుండెను. స్కాట్లండు చేసిన ఆ యొక్క గోలు రైలీదే. కాలము ముగియవచ్చెను; చూపరులు లేచి పోవ నారంభించు వేళ అది. ఆ కడపటి నిమిషమున రైలీ రెండవ గోలు చేసి ఆటను సమము గావించెను. బిరుదు స్థిరపడినది. వెంబ్లీలో 1949నుండి 1957వరకు అతడాడిన ఆటలు ఐదు. చేసిన గోల్సు ఐదు. మొత్తముమీద స్వదేశముపక్షమున 38 ఆటలాడి 22 గోల్సు చేసెను.

ఇంతటివానికి ప్రపంచకప్పు పోటీయందు ఒక్క ఆటయైనను ఆడు భాగ్యము కలుగలేదు. 1950లో స్కాట్లండునకు బ్రెజిలు పోవ నర్హత కలిగినను, బ్రిటిషు పోటీలో ప్రథమస్థానము రానిదే పోమని ఆ దేశపు సంఘమువారు పంతము పట్టి మానుకొనిరి. 1954లో జట్టు స్విట్జర్లండునకు పోయినది. రైలీ ప్లూరసీ అను ఊపిరితిత్తుల పొర వ్యాధిచే ఇంటనే యుండిపోయెను. జట్టు ఉరుగ్వేచేతిలో 0-7 ఓడినది. 1958లో పోటీ జరుగునాటికి అతని ఆటయే ముగిసినది.

క్లబ్బుతోను ఒక చిక్కు వచ్చినది. గోర్డన్ స్మిత్‌కు 1952లో గౌరవార్థపు ఆట యేర్పరచిరి. అట్టి ఆట రాబడి ఆటగానికి చెందును. రైలీ తనకును అట్లే కోరగా క్లబ్బు నిరాకరించెను. ఆటగాడు క్లబ్బు అనుమతి లేక వేరొకచోటికి పోరాని నియమము నాడుండెను. అతడు కొన్ని నెలలు ఆడక నిలిచిపోయి, పిదప రాజీపడి వచ్చెను. మైదానమున జేజేలు పలికినవాని కూలి విషయమున చేతులు ముడుచుకొనుట ఏ దేశమునను క్రొత్త గాదు.

1955లో ఐరోపా కప్పు ప్రారంభమైనప్పుడు అందు ఆడిన తొలి బ్రిటిషు క్లబ్బు హైబర్నియన్. జర్మనీలోని ఎస్సెన్‌లో 4-0 గెలిచిన మొదటి ఆటయందు రైలీయు ఒక గోలు చేసెను. ఆ క్లబ్బు సెమీఫైనల్ వరకు సాగి ఫ్రాన్సు దేశపు రీమ్స్ చేతిలో ఓడినది.

ఇంతలో మోకాలు దెబ్బతినెను. కీలులోని మృదులాస్థిని తొలగించుటయే నాటి చికిత్స. 1958 ఏప్రిల్ నెలలో రేంజర్స్‌తో ఆడిన తన కడపటి ఆటయందును గోలు చేసి, ముప్పది యేండ్లు నిండకమునుపే రైలీ ఆట విడిచెను. ఆ నెలలోనే హైబర్నియన్ స్కాటిష్ కప్పు ఫైనల్‌లో క్లైడ్ చేతిలో 0-1 ఓడిపోయెను.

ఆ కప్పు కథ చిత్రమైనది. 1902లో గెలిచిన పిమ్మట అది హైబర్నియన్‌కు దక్కలేదు. ఆ ఐదుగురును తేలేకపోయిరి. 2013 మే నెలలో క్లబ్బు మరల ఫైనల్ చేరి సెల్టిక్ చేతిలో 0-3 ఓడినది. రెండు నెలలకు, జూలై 22వ తేదీన, రైలీ తన 84వ యేట కన్నుమూసెను. 2016 మే 21వ తేదీన హైబర్నియన్ రేంజర్స్‌ను 3-2 ఓడించి, 114 యేండ్లకు ఆ కప్పు నెత్తినది. విజయపు గోలు వచ్చిన దెప్పుడు? 90 నిమిషములు నిండిన పిదప, అదనపు క్షణములలో! అది చూచుటకు రైలీ లేడు.

పురుషకారము, దైవము అను రెండెద్దులు కట్టిన బండి జీవితమని పెద్దల మాట. రెండవ యెద్దు మన కాడికి లొంగదు. ప్రపంచకప్పు, నాలుగవ లీగు, స్కాటిష్ కప్పు — ఈ మూడును రైలీకి రానివారిలెక్కలో మిగిలినవి. ఐనను కాలము మిగిలియున్నంతవరకు పని మిగిలియున్నదని అతడు నమ్మెను; ఆ నమ్మకమే అతని పేరయ్యెను. ఫలము ఒక్కొక్కప్పుడు చేసినవానికి గాక అతని తరువాతివారికి చేరును. చేరవలసినచోటికే చేరినదని సంతసించుట విజ్ఞుల లక్షణము. ఇరువదియైదేండ్లనాడు ఈ గ్రంథాలయమునకు పుస్తకములు మోసి తెచ్చినవారిలో కొందరు నేడు మన నడుమ లేరు. ఆ పుస్తకములను చదువు పిల్లలు ఎదుట కూర్చుండియున్నారు.

స్వస్తి.