వ్యాధుల లెక్క ప్రజల సొత్తు
(పరిగి పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసము)



తుమకూరు కొండలలో పుట్టిన జయమంగళి మన ప్రాంతమునకు వచ్చి పెన్నలో కలియుచున్నది. కన్నడసీమ నీరు తెలుగుసీమ చేరుటకు ఏ కచ్చేరి యనుమతియు కోరదు. రోగియు నంతే. ఇచ్చట జ్వరము తగిలినవాడు మొదట ఊరి ఆరోగ్య కేంద్రమునకు, పిమ్మట హిందూపురపు పెద్దాసుపత్రికి, అచ్చట కుదురనిచో అనంతపురమునకో పుట్టపర్తికో బెంగుళూరునకో పోవుచున్నాడు. మనిషి పోవుచున్నాడు; రోగము వెంట పోవుచున్నది; వెంట పోనిది ఆ రోగమును గూర్చిన లెక్క యొక్కటే. సంచిలో నలిగిన చీటీలే వాని చరిత్ర. ఒక చీటీ జారిపోయెనా, రక్తపరీక్ష మరల, ఎక్స్‌రే మరల, రుసుము మరల! ఫలానా మందు ఇతనికి పడదని ఒక వైద్యుడు వ్రాసిన మాట మరియొక వైద్యుని కంటబడకున్నచో నష్టము రూపాయలతో తీరదు.

ఆసుపత్రులలో కంప్యూటర్లు లేవా యని మీరడుగవచ్చును. ఉన్నవి. కాని ఒకదాని భాష మరియొకదానికి తెలియదు. ఒకచోట మధుమేహమనియు, ఒకచోట షుగరనియు, ఇంకొకచోట ఒక గుర్తు సంఖ్యగాను వ్రాసికొందురు. మూడును ఒకటేయని మనిషికి తెలియును. యంత్రమునకు ఎవరైన చెప్పవలెను. కావున రెండు సాధనములు అవసరము. అందరును అంగీకరించిన వ్రాతపద్ధతి మొదటిది. ఆ పద్ధతిని నడపు సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనను విప్పి చూచుటకు, దిద్దుటకు, పంచుకొనుటకు వీలుండుట రెండవది. దీనినే ఓపెన్ సోర్స్ అందురు.

మొదటిదానికి నేడు ఎఫ్.హెచ్.ఐ.ఆర్. అను పద్ధతి ప్రపంచమున వ్యాపించినది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటను ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దానినే స్వీకరించినది. రోగికి 14 అంకెల ఆభా సంఖ్య నిత్తురు. కాగితములు పుట్టినచోటనే యుండును. రోగి యంగీకరించినపుడే మరియొక వైద్యునికి చేరును. ఏర్పాటు మంచిదే. అయినను సంఖ్య చేతికి వచ్చినంతమాత్రమున చరిత్ర చేతికి వచ్చినట్లు కాదు. ప్రతి ఆసుపత్రియు తన లెక్కను ఆ పద్ధతిని వ్రాసి కలిపిననాడే సంఖ్య సార్థకమగును.

రెండవదానికి ఆంధ్రదేశము క్రొత్తది కాదు. 2000 సంవత్సరము చివర కుప్పము ప్రాంతమున 9 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో డి.హెచ్.ఐ.ఎస్. అను సాఫ్ట్‌వేర్‌ను ప్రయోగించిరి. దక్షిణాఫ్రికాలో వర్ణభేద పాలన అంతరించిన పిమ్మట, జాతికొకటిగా చీలియున్న ఆరోగ్యశాఖల లెక్కలను ఒక్కటిగా కూర్చుటకు పుట్టినదది. ఓస్లో విశ్వవిద్యాలయము దానికి అండగా నిలిచెను. వెల లేనిదే యైనను, మైక్రోసాఫ్ట్ వారి ఆక్సెస్ అను సరకుపై ఆధారపడియుండెను. వేరుసెనగ మనదైనను గానుగ పరునిదైనచో నూనె యెవరి వశము? ఆ సంగతి గుర్తించి రూపకర్తలు దానిని మొదటినుండి తిరుగవ్రాసిరి. ఆ రెండవ రూపము మొట్టమొదట వాడుకలోనికి వచ్చినది 2006 జనవరిలో మన పొరుగు కేరళముననే. నేడు 70కి పైగా దేశములు దానితో తమ ఆరోగ్యపు లెక్కలు చూచుకొనుచున్నవి. 2025లో అదే కుప్పమున టాటా వారి తోడ్పాటుతో డిజిటల్ నెర్వ్ సెంటర్ తెరచిరి. సంతోషము. కాని పాత ప్రశ్నను మరువరాదు: ఈ గానుగ ఎవరిది?

పల్లెటూరి ఆసుపత్రులకిది అందని పని యనువారు ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిని చూడవలెను. అచ్చటి జన స్వాస్థ్య సహయోగ్ వారి ఆసుపత్రి అవసరములనుండియే బాహ్మ్ని అను ఓపెన్ సోర్స్ వ్యవస్థ రూపొందినది. అది నేపాళ బంగ్లాదేశ్‌ల వరకు పోయినది. అంత దూరమేల? ధర్మవరము దాపున బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రిలో హెచ్.ఐ.వి. రోగుల చికిత్సా విషయములను క్రమముగా కంప్యూటరు లెక్కలో చేర్చిరి. దానినుండి రోగు లెంత ఆలస్యముగా వచ్చుచున్నారో, చికిత్సను నడుమ నెందరు మానుచున్నారో వైద్యులు ప్రపంచ పత్రికలలో వెల్లడించిరి. అనంతపురము పల్లెల బాధ శాస్త్రమునకు ఆధారమైనది. లెక్క చక్కగా నుండుటయే దానికి కారణము.

లెక్క యొకచోట చేరినపిమ్మట రోగము పోకడను ముందుగా గణించుట సాధ్యమగును. ఈ విద్యకును మన గడ్డతో బంధుత్వము గలదు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డు రాసే, తరువాత గణితముచే నొక సంగతి చూపెను: దోమలన్నిటిని చంపనక్కరలేదు, వాని సంఖ్య ఒక మేరకు తగ్గెనేని మలేరియా తనంతట తాను నశించును. 1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనువారు అంటువ్యాధుల గణితమును ప్రకటించినపుడు సరిచూచుకొన్నది 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణములతోనే. మన చావుల లెక్క లోకమునకు శాస్త్రమైనది!

ఆ శాస్త్రము తెరచి యుండవలసిన యావశ్యకతను కరోనా చూపినది. 2020 మార్చిలో లండను ఇంపీరియల్ కళాశాల వారి యంచనా ప్రభుత్వములను కదలించెను. దాని మూలలిపి బయటికి వచ్చినది కొన్ని వారముల పిమ్మటనే. వచ్చినతోడనే ఇతరులు ఆ లెక్కను తిరిగి వేసి సరిచూడగలిగిరి. మనదేశమున హైదరాబాదు ఐ.ఐ.టి. ఆచార్యులు మాతుకుమల్లి విద్యాసాగర్ గారి యధ్యక్షతన ఏర్పడిన సంఘము 2020 అక్టోబరులో, వ్యాధి శిఖరము దాటినదనియు, జాగ్రత్తలు పాటించినచో 2021 ఫిబ్రవరినాటికి అదుపులోనికి రాగలదనియు తెలిపెను. 2021 ఏప్రిలు, మే నెలల రెండవ కెరటమును మనమెరుగుదుము. అంచనా తప్పుట నేరము కాదు. గణితమునకు భవిష్యత్తు పూర్తిగా లొంగదు. వారు తమ సమీకరణములను ప్రకటించిరి గనుకనే లోపమెచ్చటనో ఇతర శాస్త్రజ్ఞులు వాదింపగలిగిరి.

మేము న్యాయస్థానములలో పనిచేయువారము. కారణములు చూపని తీర్పును ఏ కక్షిదారుడును అంగీకరింపడు; కారణములున్ననే అప్పీలు. దుకాణములు మూయుడనియు, మగ్గములు ఆపుడనియు చెప్పు నంచనా కూడ తీర్పు వంటిదే. అది నేత పనివాని కూటిపై వ్రాసిన తీర్పు. దాని కారణములు చదువు హక్కు ప్రజలకు లేదా?

సాఫ్ట్‌వేర్ తెరచినచో మా రోగములు బజారున పడవా యని కొందరు భయపడుచున్నారు. తాళము చేయు విధము అందరికి తెలిసినను ఎవరి బీగముచెవి వారిదే. తెరువవలసినది యంత్రపు లిపిని. రోగి చీటీని కాదు. ఆంతరంగిక జీవనము ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము తీర్పు చెప్పినది. పైగా మూల మెల్లరకు కనబడినపుడే అందలి దొంగదారులు బయటపడును. ఆరోగ్యసేతు సాఫ్ట్‌వేర్‌ను 2020 ఏప్రిలులో మూసియే యిచ్చి, విమర్శల పిమ్మట మే 26న తెరచుట మనము చూచితిమి.

కావున మనము కోరవలసినవి నాలుగు. ప్రజాధనముతో తయారగు ఆరోగ్య సాఫ్ట్‌వేర్ మూలము ప్రజలకు తెరచియుండవలెను. ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమని కేంద్రప్రభుత్వమే 2015లో విధానము ప్రకటించినది. రోగికి తన చరిత్ర నకలు అడిగినంతనే, వెల లేక, తెలుగున అందవలెను. సరిహద్దు కావలి ఆసుపత్రికిని మన ఆసుపత్రికిని ఒకే వ్రాతపద్ధతి యుండవలెను. ఇంటింటికి తిరిగి ఏ.ఎన్.ఎం. సోదరి కూర్చిన జ్వరముల లెక్క పైకి పోవుటతో ముగియక, పేరులు తీసివేసి, వారమువారము పంచాయతీ పలకపై తిరిగి కనబడవలెను.

ఇవి దయగా అడుగు భిక్షలు కావు. నొప్పి మనది, రక్తము మనది, దానిని గూర్చిన లెక్కయు మనదే. నేటినుండి ఆసుపత్రికి పోయిన ప్రతివాడును నకలు అడుగుడు. గ్రామసభలో జ్వరముల లెక్క అడుగుడు. ఇదియే మా విజ్ఞప్తి.