బొమ్మ వాడలోంచి రావాలి

(చిన్న పత్రికలు, కరపత్రాలు, గోడ పత్రికలు తెచ్చే కార్యకర్తల శిబిరంలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచీ రాత గురించి మాట్లాడుకున్నాం. వార్త ఎట్లా రాయాలి, నిజనిర్ధారణకి పోయినప్పుడు ఎవర్ని ఏమడగాలి, ఎవరి పేరు బయటపెట్టకూడదు, అన్నీ చెప్పుకున్నాం. ఇప్పుడు బొమ్మ సంగతి. మన పత్రికల్లో బొమ్మది ఎప్పుడూ ఆఖరి పంక్తే. రాతంతా అయ్యాక పేజీలో జాగా మిగిలితే అక్కడొక పిడికిలి, లేకపోతే పొడుస్తున్న పొద్దు, తెగుతున్న సంకెళ్ళు. ఏ పత్రిక తిరగేసినా అదే పిడికిలి. ఎవరిదో తెలీదు. చెప్పు కుట్టిన చెయ్యా, నాటేసిన చెయ్యా, డప్పు కొట్టిన చెయ్యా, ఏమీ తెలీదు.

పత్రికలు తెచ్చే పిల్లలు మమ్మల్ని తరచుగా అడిగేది ఒకటుంది. "పదిహేను రోజులకో అట్టబొమ్మ కావాలి. ఆలోచన తట్టడం లేదు. ఎక్కణ్ణుంచి తేవాలి?" అని. పెద్ద పత్రికల్లో ఈ పనికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుంటారు. ఆర్ట్ డైరెక్టర్ అంటారు. అట్ట ఎట్లా ఉండాలి, ఏ ఫోటో ఎంత సైజులో పడాలి, ఏ అక్షరం, ఏ రంగు, అన్నీ ఆయనే తేలుస్తాడు. ఆయన బల్ల నిండా దేశదేశాల పత్రికలుంటాయి. మనకా బల్ల లేదు. ప్రశ్న మాత్రం ఇద్దరిదీ ఒకటే. అందుకని ఈ పూట అటువంటి బల్ల లేకుండానే ఆ పని చేసి చూపించిన ఒకాయన గురించి చెప్తాం.

ఆయన మన దేశం వాడు కాదు గానీ, ఆయన పార్టీ పేరు మనకు బంధువే. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్ వంటి యువకులు దళిత్ పాంథర్స్ పెట్టారు. ఆ పేరు అమెరికా నల్లజాతి వాళ్ళ బ్లాక్ పాంథర్ పార్టీని చూసి పెట్టుకున్నదే. ఆ పార్టీ పత్రికకి బొమ్మలేసినవాడు, పేజీలు కట్టినవాడు ఎమొరీ డగ్లస్.

ఎమొరీ 1943లో మిషిగన్ రాష్ట్రంలో పుట్టాడు. ఎనిమిదేళ్ళ వయసులో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. కుర్రతనంలో పట్టుబడితే బాలనేరస్తుల శిక్షణాలయానికి పంపారు. అక్కడ అచ్చు పనిలో వేశారు. అంటే ఆయనకి అచ్చు సిరా వాసన తెలిసింది జైలు లాంటి చోట! బయటికొచ్చాక సిటీ కాలేజీలో కమర్షియల్ ఆర్ట్ చదివాడు. కమర్షియల్ ఆర్ట్ అంటే సరుకు అమ్మిపెట్టే బొమ్మల విద్య. దారినపోయే మనిషి కన్ను ఎక్కడ ఆగుతుంది, ఎన్ని మాటలైతే బుర్రకెక్కుతాయి, ఇదంతా ఆ విద్యలో నేర్పుతారు. ఆ విద్య కంపెనీల సొత్తేం కాదు. ఎమొరీ దాన్ని తెచ్చి వాడకి అప్పజెప్పాడు.

1967 ఏప్రిల్ 1న కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ దగ్గర డెంజిల్ డొవెల్ అనే 22 ఏళ్ళ నల్ల కుర్రాణ్ణి పోలీసులు కాల్చి చంపారు. అదేమని అడిగితే ఆ కుటుంబానికి సరైన జవాబిచ్చిన అధికారి లేడు. ఏప్రిల్ 25న వచ్చిన బ్లాక్ పాంథర్ మొదటి సంచిక ఆ చావు మీదే. మన కరపత్రాల లాగే సైక్లోస్టైల్ మీద తీసిన కాగితాలవి. బాబీ సీల్ టైపు మిషనూ మార్కర్ పెన్నూ పెట్టుకుని తంటాలు పడుతుంటే ఎమొరీ చూశాడు. ఇంటికెళ్ళి తన కాలేజీ సామాను తెస్తానన్నాడు. అప్పటికాయనకి 23 ఏళ్ళు. ఆ సామానుతో వచ్చినవాడు 1980లో పత్రిక ఆగిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన బొమ్మల్లో గీత లావుగా ఉంటుంది. చెక్క మీద చెక్కి అచ్చేసినట్టు ఉంటుంది. ఇది గొప్ప శైలి అని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారు. ఎందుకట్లా గీశాడు? చెక్క చెక్కాలంటే రోజులు పడతాయి, పత్రికేమో వారం వారం రావాలి. అందుకని చెక్క అచ్చులా కనపడే గీతని పెన్నుతో, మార్కర్‌తో గీశాడు. రంగులకి డబ్బుల్లేవు. నలుపు, దానికి తోడు ఇంకొక్క రంగు, అంతే. ఆ ఒక్క రంగునే వెనక పెద్ద పట్టీగా పరిచేవాడు. నీడలకీ గళ్ళకీ చుక్కలకీ బజార్లో దొరికే రెడీమేడ్ షీట్లు కోసి అంటించేవాడు. నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద సన్నగీత అలుక్కుపోతుంది, లావుగీత నిలబడుతుంది. పేదరికం పెట్టిన షరతుల్లోంచే ఆ శైలి పుట్టింది. మన దగ్గర కూడా ఒక్క రంగే ఉంది గదా అని దిగులుపడే తమ్ముళ్ళు ఇది గుర్తుంచుకోండి. రంగుల అట్టకి అప్పుచేసి ఆరో సంచికకే ఆగిపోయిన చిన్న పత్రికల్ని మేం చాలా చూశాం.

మరి ఏం గీయాలి? పాంథర్లకి ఒక సంగతి బాగా తెలుసు. వాళ్ళ జనంలో పెద్ద పెద్ద వ్యాసాలు చదివేవాళ్ళు తక్కువ, చూసి గ్రహించేవాళ్ళు ఎక్కువ. మన వాడల్లోనూ అంతే గదా. చదివేది ఒకరైతే వినేది పదిమంది, చూసేది అందరూ. అందుకని ఆయన బొమ్మ చూస్తే చాలు, వ్యాసం సంగతి అందేది. చాలా సంచికల్లో ఆఖరి పేజీ మొత్తం బొమ్మే. చదివాక చించి గోడకి అంటించుకోవచ్చు. మంగలి షాపుల్లో, బస్సులాగే చోట అవి కనిపించేవి. నల్లవాళ్ళుండే వాడే తన బొమ్మలకి గ్యాలరీ అని 1968లోనే ఆయన రాసుకున్నాడు. ఒక దశలో ఆ పత్రిక వారానికి లక్ష ప్రతులు దాటింది. ధర 25 సెంట్లు.

ఆ గోడల మీద ఎవరున్నారో చూడండి. ఎలుకలు తిరిగే ఇంట్లో బిడ్డని కాచుకునే తల్లి. చిరిగిన చొక్కా ముసలాయన. పత్రికలమ్మే పిల్లాడు. ఈ మనుషుల్ని ఆయన ఊహలోంచి తేలేదు. మెట్ల మీద, షాపు ముందు కూర్చున్నవాళ్ళని చూసి తెచ్చాడు. వాళ్ళు తమని తాము గోడ మీద చూసుకున్నారు. మాల మాదిగ వాడల్లో పుట్టిన మనకిది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పాలా? మన ముఖాన్ని సినిమావాళ్ళు ఎట్లా చూపించారు? తాగుబోతుగా, పాలేరుగా, దొర కాళ్ళ దగ్గర వణికేవాడిగా. పత్రికలవాళ్ళు బాబాసాహెబ్‌నే వదల్లేదు. 1932 నుంచి 1956 దాకా ఇంగ్లీషు పత్రికల్లో ఆయన్ని చిన్నజేసి వేసిన కార్టూన్లు వంద దాటి ఉన్నాయి. ఒక తెలుగు దళిత కార్టూనిస్టు వాటిని వెతికి 2019లో పుస్తకంగా తెచ్చారు. 1949లో రాజ్యాంగాన్ని నత్తగా గీసి దానిమీద ఆయన్ని కూర్చోబెట్టి, వెనక నెహ్రూ చేతికి కొరడా ఇచ్చిన బొమ్మ ఉంది చూడండి, అది పిల్లల పాఠ్యపుస్తకం దాకా వచ్చింది. 2012లో పార్లమెంటులో గొడవయ్యేదాకా చాలామందికి అందులో తప్పే కనపడలేదు. కుంచె ఎవరి చేతిలో ఉందో వాళ్ళ కళ్ళతోనే లోకం మనల్ని చూసింది.

ఎమొరీ దగ్గర్నుంచి అన్నీ తెచ్చుకోమని మేం అనం. ఆయన బొమ్మల్లో ఎక్కువ పేరొచ్చింది పందికి. వాడలో జనాన్ని వేధించే ఒక పోలీసు బిళ్ళ నంబరు వేసి పందిని గీయమని హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ అడిగారు. మొదట నాలుగు కాళ్ళ పంది గీశాడు. తర్వాత దాన్ని రెండుకాళ్ళ మీద నిలబెట్టి, యూనిఫారం తొడిగి, చుట్టూ ఈగలు ముసిరినట్టు గీశాడు. అమెరికా అంతా పాకింది. కానీ అదే బొమ్మ తెచ్చి మన పత్రికలో వేస్తే? మన ఎరుకలోళ్ళు పందులు మేపుకుని బతికారు. పందిని చూసి ముక్కు మూసుకునేది ఎవరో మనకు తెలుసు. వాళ్ళ అసహ్యాన్ని అరువు తెచ్చుకుని మనం నవ్వుకుంటామా? ఇంకొకరి బొమ్మని చూసి నేర్చుకునేటప్పుడు అది ఏ నేలలో మొలిచిందో కూడా చూసుకోవాలి.

తుపాకుల విషయమూ అంతే. తొలినాళ్ళలో ఆయన గీసిన దాదాపు ప్రతి చేతిలో తుపాకీ ఉంటుంది. మాకు తర్వాతి బొమ్మలే ఎక్కువ ఇష్టం. 1969 జనవరిలో పార్టీ ఓక్లాండ్‌లో ఒక చర్చిలో పిల్లలకి ఉచితంగా పొద్దుటి తిండి పెట్టడం మొదలెట్టింది. 1972 మార్చిలో పదివేల సంచుల సరుకులు పంచింది. అప్పుడు బొమ్మల్లోకి సరుకుల సంచులొచ్చాయి, చెప్పుల జతలొచ్చాయి, నవ్వులొచ్చాయి. 1971లో వేసిన ఒక బొమ్మలో పెద్ద కళ్ళద్దాల పిల్లాడు నవ్వుతుంటాడు. ఆ అద్దాల్లో తిండి తింటున్న పిల్లల ఫోటోలు కనిపిస్తాయి. జనం చేసే పని మారితే బొమ్మ మారింది. ఉద్యమం ఆగిపోయినచోట బొమ్మలాయనకి మాత్రం కొత్త ఆలోచన ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆయన ఇతరుల పనీ చూశాడు. నల్లవాళ్ళని గౌరవంగా గీసిన చార్లెస్ వైట్ బొమ్మలంటే చిన్నప్పట్నుంచీ ఇష్టం. క్యూబా, వియత్నాం పోస్టర్లు చూశాడు. హవానా నుంచి వచ్చే ట్రైకాంటినెంటల్ పత్రికలో పోస్టరు మడిచి పెట్టి పంపేవాళ్ళు. 1968లో అక్కడివాళ్ళు ఈయన బొమ్మనే తీసుకుని తమ పోస్టరు చేశారు. ఆ పత్రికకి గీసింది ఎమొరీ ఒక్కడే కాదని కూడా చెప్పాలి. తారికా లూయిస్ మటిలబా అన్న పేరుతో మొదటి రోజుల్లోనే గీసింది, తర్వాత గేల్ డిక్సన్ అసాలి అన్న పేరుతో గీసింది. ఆడవాళ్ళ పేర్లు చరిత్రలో చిన్నక్షరాల్లో పడటం అక్కడా ఇక్కడా ఒకటే.

ఈ బొమ్మలంటే ప్రభుత్వానికి ఎంత మంట అంటే, 1970లో ఎఫ్‌బీఐ శాన్‌డియాగో ఆఫీసువాళ్ళు పత్రిక అచ్చయ్యే గదిలో కంపుకొట్టే రసాయనం చల్లుదామని పై ఆఫీసుకి రాశారు. 1976లో అమెరికా సెనేట్ కమిటీ నివేదికలో ఇది బయటపడింది.

ఇంకొకటి మాట్లాడాలి. కష్టమైన సంగతి. శవం ఫోటో. దాడి జరిగిన ప్రతిసారీ మన పత్రికల అట్టమీద మనవాళ్ళ శవాలే. వెయ్యాలా వద్దా? 1955లో మిసిసిపీలో 14 ఏళ్ళ ఎమెట్ టిల్‌ని తెల్లవాళ్ళు గుర్తుపట్టలేనట్టు కొట్టి చంపి నదిలో పడేశారు. తల్లి మేమీ టిల్ షికాగోలో శవపేటిక మూత తెరిచే ఉంచింది. లోకం చూడాలంది. జెట్ అనే నల్లవాళ్ళ వారపత్రిక ఆ ఫోటో వేసింది, దేశం కదిలిపోయింది. అక్కడ నిర్ణయం తల్లిది. మనం ఎప్పుడన్నా తల్లిని అడిగామా? అడక్కుండా వేసే ఫోటో, ఎంత మంచి ఉద్దేశమున్నా, చచ్చినవాణ్ణి మళ్ళీ ఊరి నడిబొడ్డున పడేయడమే. చుండూరు గురించి చెప్పాలంటే శవమే అక్కర్లేదు. 1991 ఆగస్టు 6 అని కింద తేదీ వేసి మూతి కట్టిన గోనెసంచి ఒక్కటి గీయండి. తెలిసినవాడి గుండె ఆగుతుంది, తెలియనివాడు అడుగుతాడు.

కారంచేడు తీసుకోండి. 1985 జూలైలో మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్త, కొట్టవచ్చినవాడి మీదికి బిందె ఎత్తింది. నీళ్ళ బిందె! అంత బొమ్మ మన చరిత్రలో ఉండగా ఎవరిదో తెలియని పిడికిలి మనకెందుకు? హోటల్లో మనకోసం విడిగా చూర్లో దోపిన గ్లాసు ఉంది. లందగొయ్యి ఉంది. డప్పుని మంట దగ్గర కాచే చేతులున్నాయి. హాస్టల్లో ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివే ఆడపిల్ల ఉంది. ఇవి ఏ ఆర్ట్ డైరెక్టర్ బల్ల మీదా దొరకవు.

బాబాసాహెబ్ బొమ్మ గురించి ఒక్క మాట. ప్రతి అట్టమీదా అదే నీలికోటు, అదే చూపుడు వేలు వేస్తే కొన్నాళ్ళకి కన్ను దాన్ని దాటి పోతుంది. ఆయన చూపించిన వైపు ఎవరున్నారో అప్పుడప్పుడు వాళ్ళని గీయండి. ఇది అనేసరికి ముందు వరసలో ఇద్దరు ముఖం చిట్లించారు. ఫరవాలేదు, సాయంత్రం పోట్లాడుకుందాం.

భోజనాలయ్యాక తలా ఒక కాగితం, ఒక నల్ల మార్కర్ తీసుకోండి. ఎండ తగ్గాక ఇద్దరిద్దరుగా వాడలోకి వెళ్ళండి. ఎవర్ని గీస్తున్నారో వాళ్ళని అడిగి గీయండి, గీసింది ముందు వాళ్ళకే చూపించండి. "ఇది నేను కాదు" అంటే మళ్ళీ గీయండి. ఫోన్లో ఫోటో తీసి దానిమీద దిద్దుకుంటాం అనేవాళ్ళు కూడా అడిగే తీయండి. బొమ్మ రాదు అనేవాళ్ళు వస్తువు గీయండి: బిందె, చెప్పు, గ్లాసు. ఏడింటికి అన్నీ ఈ గోడకి అంటిద్దాం. వచ్చే సంచిక అట్ట అందులోంచే. రెండో రంగు ఏది కావాలో అవి చూశాక తేల్చుకుందాం.