కృతజ్ఞత కప్పేసిన హెచ్చరికలు

ఒక దైవజనుడి మోసం బయటపడిన ప్రతిసారీ లోకం అడిగే ప్రశ్న ఒకటే: ఇంతమంది ఇన్నేళ్లు ఎలా నమ్మారు? చదువు లేకనో, మూఢభక్తి వల్లనో అని జవాబు కూడా లోకమే చెప్పేస్తుంది. ఆ జవాబుతో నేను ఏకీభవించలేను. బాగా చదువుకున్నవాళ్లు, వాదనలో ఆరితేరినవాళ్లు, డబ్బు లెక్కలు క్షుణ్ణంగా తెలిసినవాళ్లు కూడా అలాగే నమ్మారు. హెచ్చరికలు విశ్వాసుల కంటపడుతూనే ఉంటాయి. కంటపడినదాన్ని లెక్కలోకి రానివ్వనిది వాళ్ల అజ్ఞానం కాదు, వాళ్ల కృతజ్ఞత. ఈ ఉపన్యాసంలో నేను నిరూపించదలచుకున్నది ఇదే.

మొదట క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరియాస్ ఉదంతం చూద్దాం. ఆయన 1946లో మద్రాసులో పుట్టారు. యౌవనంలో కెనడా వెళ్లి, 1984లో తన పేరుతోనే పరిచర్య సంస్థను స్థాపించారు. విశ్వాసాన్ని తర్కంతో సమర్థించేవాడిగా ఆయనకు విశ్వవిద్యాలయాలలో ఎంత పేరుండేదో, ఇంగ్లీషు చదువుకున్న మన తెలుగు క్రైస్తవ యువతలోనూ అంత పేరుండేది. 2020 మే నెలలో ఆయన మరణించినప్పుడు స్మారక సభలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ మాట్లాడారు. ఏడాది తిరగకముందే, 2021 ఫిబ్రవరిలో, ఆ సంస్థే నియమించుకున్న న్యాయవాదుల నివేదిక వెలువడింది. మసాజ్ చేసే పలువురు స్త్రీలతో ఆయన లైంగికంగా అనుచితంగా ప్రవర్తించారని అందులో తేలింది. ఒకామె తనపై అత్యాచారం జరిగిందని చెప్పింది. ఆయన ఫోన్లలో 200 మందికి పైగా మసాజ్ థెరపిస్టుల నంబర్లు దొరికాయి. ఇదంతా మరణానంతరం ఒక్కసారిగా ఊడిపడినది కాదు. గౌరవ డాక్టరేట్లు మాత్రమే ఉన్న మనిషి డాక్టర్ అని పిలిపించుకోవడం, కేంబ్రిడ్జ్‌తో తన సంబంధాన్ని ఉన్నదానికంటే పెంచి చెప్పుకోవడం ఆయన బతికుండగానే బహిరంగ విమర్శకు వచ్చాయి. వెన్నునొప్పి కారణం చూపి ప్రయాణాలలో మసాజ్ చేసే స్త్రీని వెంటబెట్టుకు వెళ్లడం సిబ్బందికి తెలుసు. 2017లో కెనడాకు చెందిన ఒక స్త్రీ ఫిర్యాదు చేస్తే, ఆయన ఆమె మీదా ఆమె భర్త మీదా దావా వేశారు. ఎవరూ నోరు విప్పకూడదన్న ఒప్పందంతో ఆ వ్యవహారం ముగిసింది. సంస్థ బోర్డు ఆయన మాటే నమ్మింది. ఆయనకు గుర్తింపునిచ్చిన సంఘ శాఖ, క్రమశిక్షణ చర్యకు ఆధారం చాలదని తేల్చింది.

ఇంత తెలిసినవాళ్లు ఎందుకు ఆగిపోయారు? ఆయన ప్రసంగం విని ఆత్మహత్య ఆలోచన మానుకున్నవాళ్లున్నారు, పోయిన విశ్వాసాన్ని తిరిగి పొందినవాళ్లున్నారు. ఆ మేలు నిజం. చిక్కు అక్కడే మొదలవుతుంది. మేలు పొందిన మనిషి సాక్ష్యం చెబుతాడు. దేవుడు తనకు చేసిన మేలును గురించి చెప్పిన ఆ సాక్ష్యమే, వింటున్నవాళ్లకు, ప్రసంగీకుడి శీలానికి రుజువుగా మారిపోతుంది. అలాంటి సాక్ష్యాలు వేలల్లో పేరుకున్నాక ఒక స్త్రీ వచ్చి వేరే మాట చెబితే, ఆమె మాట ఒక మనిషి మీద ఫిర్యాదుగా వినబడదు. తమ మారుమనస్సు మీద, తమ ఇంటి ప్రార్థన మీద, తమ బిడ్డకు దొరికిన స్వస్థత మీద దాడిగా వినబడుతుంది. ఆయన అబద్ధమైతే నాకు జరిగినది ఏమిటి? ఈ ప్రశ్నకు భయపడే మనిషి రుజువులను తూచలేడు. డిగ్రీ విషయంలో ఆడిన అబద్ధం అందుకే చిన్నదిగా కనిపించింది: ఆత్మలు రక్షింపబడుతున్నప్పుడు పట్టాతో పనేమిటన్నారు. కానీ ఆ అబద్ధం ఒక పరీక్ష. చిన్నదాన్ని నిలదీయని బోర్డు, పెద్దదాన్ని నిలదీసే అలవాటును ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది?

కృతజ్ఞత ఎంత దూరం తీసుకుపోగలదో పీపుల్స్ టెంపుల్ చరిత్ర చూపిస్తుంది. 1950లలో ఇండియానాపొలిస్‌లో జిమ్ జోన్స్ మొదలుపెట్టిన ఆ సంఘంలో నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన కూర్చున్నారు. అప్పటి అమెరికాలో అది సామాన్యమైన పని కాదు. ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టారు, వృద్ధులకు ఆశ్రయమిచ్చారు. వేరుచేయబడి బతికినవాళ్లకు మొదటిసారి మర్యాద దొరికిన చోటు అది. అక్కడే కోడి కార్జాన్ని చూపి క్యాన్సర్ గడ్డ బయటికి వచ్చిందన్నారు. ఆ తంతు తెలిసిన సహాయకులున్నారు. పేదలకు జరిగే మేలు ముందు అదెంత అని సర్దుకున్నారు. 1972లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ పత్రిక జోన్స్ గురించి వరుస కథనాలు మొదలుపెడితే, సభ్యులే పత్రిక ఆఫీసు ముందు నిరసనకు దిగారు. కథనాలు మధ్యలోనే ఆగిపోయాయి. 1978 నవంబరు 18న, జోన్స్ వెంట గయానాకు వెళ్లినవాళ్లలో 900 మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలే సుమారు 300 మంది. ఇది ఎక్కడో దారితప్పిన గుంపు కథ, మన సంఘాలకు వర్తించదు అనవచ్చు. అందుకే జకరియాస్ ఉదంతాన్ని ముందు చెప్పాను. అక్కడ బోర్డు ఉంది, సిద్ధాంతం సరిగ్గానే ఉంది, పండితులున్నారు, అయినా జరిగింది.

అభిషిక్తుణ్ణి ముట్టరాదు కదా అనేది మన దగ్గర తరచుగా వినబడే అభ్యంతరం. 105వ కీర్తనలో ఆ హెచ్చరిక ఎవరికో చూడండి. సొంత నేల లేక దేశదేశాలు తిరుగుతున్న పితరులకు హాని చేయవద్దని రాజులకు చెప్పినది అది. బలవంతుడి చేతినుంచి నిరాశ్రయుణ్ణి కాపాడే వాక్యాన్ని బలవంతుడికే కవచంగా తొడిగాం. రాజైన సౌలు మీద కత్తి ఎత్తనన్న దావీదు, గుహ బయటికి వచ్చి అతడు చేస్తున్న అన్యాయాన్ని అతని ముఖం మీదే చెప్పాడు. ఆ దావీదే రాజై తప్పు చేసినప్పుడు ప్రవక్త నాతాను మౌనంగా ఉండలేదు.

దీనికంటే లోతైన అభ్యంతరం మరొకటి ఉంది: మనిషిని కాదు, దేవుణ్ణి చూడండి. ఉత్తర ఆఫ్రికాలో, అయోగ్యుడి చేతి సంస్కారం చెల్లదన్న డొనాటిస్టులతో వాదించినప్పుడు అగస్టీన్ నిలబెట్టినది ఇలాంటి సత్యాన్నే. పరిచారకుడు అయోగ్యుడైనా అతని చేతిమీదుగా అందిన సంస్కారం చెల్లుతుంది, ఎందుకంటే కృప క్రీస్తుది. కానీ ఈ బోధ ఉన్నది సంస్కారం పొందినవాడి ఊరట కోసం, ఇచ్చినవాడి రక్షణ కోసం కాదు. నిజానికి మన భయానికి మందు ఇందులోనే ఉంది. నీకు అందిన కృప ఆ ప్రసంగీకుడి సొత్తు కానప్పుడు, అతణ్ణి విచారించినంత మాత్రాన నువ్వు పోగొట్టుకునేది ఏమీ లేదు. ఈ సంగతి మన మందిరాలలో తగినంత బోధింపబడడం లేదన్నది నా బాధ.

తప్పుడు ఆరోపణలు రావా, అల్పసంఖ్యాకులమైన మనల్ని ద్వేషించేవాళ్లకు ఇవి ఆయుధాలు కావా అని అడిగేవారి ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. ఈ దేశంలో ఆ భయానికి కారణాలున్నాయి. అయితే దాచిపెట్టిన తప్పు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది; అప్పుడు నేరంతోపాటు దాచిన నింద కూడా మోయాలి. పైగా దాచినన్నాళ్లూ నలిగేది బయటివాళ్లు కాదు, ఎక్కువగా మన సంఘపు స్త్రీలూ పిల్లలే. పెద్ద మీద నేరారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని తిమోతికి రాసిన పౌలే, ఆ వెంటనే, పాపంలో కొనసాగేవారిని అందరి ఎదుట గద్దించమన్నాడు. మొదటి సగం అందరికీ కంఠతా వచ్చు. సాక్షులు కావాలంటే ముందు వాళ్లు భయం లేకుండా మాట్లాడే చోటు ఉండాలి. మన స్వతంత్ర సంఘాలలో చాలాచోట్ల ఆస్తి, కానుకల లెక్క, పెద్దల నియామకం ఒకే కుటుంబం చేతిలో ఉన్నాయి. అక్కడ ఫిర్యాదు చేయవలసింది కూడా ఆ కుటుంబానికే. యెరూషలేము పేదల కోసం కానుకలు పట్టుకుపోతూ, తనమీద నింద రాకూడదని సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట ఉంచుకున్నవాడు ఆ పౌలే. కాబట్టి ప్రతి సంఘమూ చేయవలసిన పనులు స్పష్టమే: కానుకల లెక్కను బంధువు కాని ఆడిటరు చూడాలి, ఫిర్యాదు వినేవాళ్లలో పాస్టరుగారి జీతం మీద గానీ కుటుంబం మీద గానీ ఆధారపడినవాళ్లు ఉండకూడదు, వారిలో స్త్రీలుండాలి, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదైతే చట్టం చెప్పినట్టు నేరుగా పోలీసులకు అందాలి. ఇవి ఒక పాస్టరుగారి మీద అనుమానం వచ్చాక కాదు, ఆయన మీద అందరికీ ప్రేమ ఉన్న రోజుల్లోనే, ఆయన చేతనే సంతకం పెట్టించి అమలులోకి తేవాలి.