ఊపిరి బిగబట్టి బరువు నెట్టుట

(ఒక గ్రామ యువజన సంఘ వ్యాయామశాలయందు చేసిన ప్రసంగ పాఠము)



గడచిన సంవత్సరము ఈ రేకుల శాలలో మీ సంఘమువారు వ్యాయామ పరికరములను నెలకొల్పినప్పుడు ఊరెల్ల సంతసించినది. చందా ఇచ్చినవారిలో మేమును ఒకరము. నేడు ఆ పరికరములలో ఒకదానిని తీసివేయవలెనని పెద్దలును, ఉంచవలెనని యువకులును పట్టుబట్టుచుండగా, ఉభయులును మమ్ము పిలిచి నాలుగు మాటలు చెప్పుమనిరి. 30 ఏండ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పనిచేసిన వైద్యులమగుటచే మాకీ గౌరవము దక్కినది. తీర్పు చెప్పుటకు మాత్రము మేము రాలేదు. జరిగినదేమో, ఎందులకు జరిగినదో తెలుపగలము.

వివాదమునకు మూలమైన పరికరము అదిగో, ఆ గోడవారనున్నది. కుర్రవాండ్రు దానిని లెగ్ ప్రెస్ అందురు. ఏటవాలు ఆసనముపై వెల్లకిల జారగిలబడి, పాదములను ఎదుటి పలకకు ఆనించి, ఇనుప బిళ్ళలు తొడిగిన బండిని కాళ్ళతో పైకి నెట్టవలెను. మరల మోకాళ్ళు రొమ్ము దరికి వచ్చువరకు మెల్లగా దింపవలెను. బండి 45 డిగ్రీల వాలులో జారుచుండుటవలన, 100 కిలోల బరువు కాళ్ళకు రమారమి 70 కిలోల భారముగనే తోచును. నిలువుగా ఎత్తుటకంటె సులువన్నమాట. "నేను 200 కిలోలు నెట్టినాను" అని రచ్చబండకడ చెప్పుకొను కుర్రవాండ్రు ఈ లెక్కను తలపెట్టరు. పోనిండు, వారి ఉత్సాహమును భంగపరచుట మా అభిమతము కాదు. కాని సులువుగ నుండుటచేతనే బిళ్ళమీద బిళ్ళ చేర్చుచు పోవుదురు. చిక్కు అచ్చటనే మొదలైనది.

ఐదు నెలలలో ఏడెనిమిదిమందికి ఆ బండి దిగగానే కన్నులు చీకట్లు క్రమ్మినవి. కొందరికి వాంతియైనది. ఒకరికి చెవులు హోరెత్తినవి. ఒక బాలుడు లేచి రెండడుగులు వేసి బోర్లపడగా గడ్డము చిట్లి మూడు కుట్లు పడినవి. అతని తల్లి ఈ గుమ్మములో నిలుచుండి "ఆ ఇనుప బండి నా కొడుకు రక్తం తాగేస్తోంది బాబూ, దాన్ని గెడ్డలో పారేయండి" అని ఏడ్చినది. ఆమెను చూచి నవ్వినవారు తప్పుచేసినారు. బిడ్డ నెత్తురు చూచిన తల్లి అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన బాధ్యత, ఆ బండిని తెచ్చినవారిపై నున్నది.

ఆ సమాధానము వెదకుటకై మేము స్వయముగా ఆ ఆసనముపై కూర్చుంటిమి. 60 ఏండ్లు దాటినవారికి తగని పనియే. రక్తపుపోటు చూచుకొని, తక్కువ బిళ్ళలు వేయించి, పది పర్యాయములు నెట్టితిమి. మొదటి నాలుగింటికి ఏమియు కాలేదు. ఐదవదానినుండి, మాకు తెలియకయే, పండ్లు బిగించి ఊపిరి బిగబట్టితిమి. పదవది ముగిసి ఊపిరి విడువగానే శాలయెల్ల ఒక్కమారు మసకబారినది. ముఖమంతయు చల్లబడినది. ప్రక్కనున్న సంఘ కార్యదర్శి "డాక్టరుగారూ, మంచినీళ్ళు తెమ్మంటారా?" అని అడుగుచుండగా ఆయన మాట దూరమునుండి వచ్చినట్లు వినిపించినది. దీనినిబట్టి మాకు రెండు సంగతులు తెలిసినవి. కుర్రవాండ్రు అబద్ధమాడుట లేదు. దోషము ఇనుములో లేదు, ఊపిరిలో నున్నది.

ఇటలీ దేశీయుడగు ఆంటోనియో వాల్సాల్వా అను వైద్యుడు 1704లో చెవిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ముక్కును నోటిని మూసి ఊపిరిని బలముగా వెలికి నెట్టు ప్రక్రియను ఆయన అందు వర్ణించినాడు. చెవిలోని చీమును వెడలించుటకు దానిని ఉపయోగింపవచ్చునని ఆయన తలంపు. నేటికిని ఊపిరి బిగబట్టి ముక్కుటను వైద్యులు ఆయన పేరుతోనే పిలుతురు. బురదలో దిగబడిన బండిని భుజము పెట్టి లేపువాడును, మలబద్ధకముతో బాధపడువాడును చేయునది ఇదియే. ముసలివారు కొందరు దొడ్డిలో సొమ్మసిల్లుటకు ఇదియొక కారణము.

అట్లు ముక్కునప్పుడు లోపల జరుగునది చూడుడు. రొమ్ములో బంధింపబడిన గాలి అన్ని వైపులకు ఒత్తును. కాళ్ళనుండి, కడుపునుండి రక్తమును గుండెకు తెచ్చు సిరలు మెత్తని గొట్టములు. రబ్బరు గొట్టముపై కాలు మోపినట్లు అవి నొక్కుకొనిపోవును. మోటారు తిరుగుచునే యుండును గాని బావినుండి నీరు చాలినంత అందదు. పైగా ఈ బండిమీద మోకాళ్ళు పొట్టను నొక్కును, తొడల కండలు బిగిసి తమలోని రక్తనాళములను తామే మూసివేయును. అందువలన తొలి క్షణములలో రక్తపుపోటు మింటికెగయును. ఊపిరి విడిచినంతనే, కండలు సడలినంతనే, అది ఒక్కుమ్మడి దిగజారును. మెదడునకు కొన్ని క్షణములు రక్తము చాలదు. ఆ కొరతయే కన్నులలోని చీకటి.

ఎంతగా ఎగయునో తెలిసికొనుటకు 1985లో కెనడా దేశపు మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కసరత్తులో ఆరితేరిన ఐదుగురి చేతి ధమనిలో సన్నని గొట్టము నుంచి, బరువులు నెట్టుచుండగనే పోటును కొలిచిరి. సుఖముగా కూర్చున్న మనుష్యునికి 120/80 యుండునని మీరెరుగుదురు. రెండు కాళ్ళతో బరువు నెట్టునప్పుడు ఆ ఐదుగురి సగటు 320/250కి చేరినది. వారిలో ఒకనికి 480/350 దాటినది! మేము మొదట ఈ అంకెలను చదివినప్పుడు అచ్చుతప్పు అనుకొంటిమి. ఆరోగ్యవంతుడైన యువకుని రక్తనాళములు కొన్ని క్షణములపాటు దీనిని సహించును. పోటు ఉన్నదని తెలియక, మందు పుచ్చుకొనక తిరుగు 45 ఏండ్ల గృహస్థు సంగతి అట్లు కాదు. మెదడులోని నాళము చిట్లినచో కాలు చేయి పడిపోవును. బరువు నెట్టుచుండగా పిడుగు పడినట్లు అకస్మాత్తుగ తలనొప్పి వచ్చినవాడు వెంటనే ఆపి, ఆనాడే వైద్యుని చూడవలెను. రేపు చూతమనరాదు.

ఇక వాంతి మాట. శరీరములో తొడలు, పిరుదులే అన్నిటికంటె పెద్ద కండలు. అవి పనిచేయునప్పుడు రక్తము వాటికి మళ్ళి, జీర్ణకోశమునకు తగ్గును. పీకలవరకు తిని వచ్చినవానికి కడుపు తిరుగును. ఏమియు తినక వచ్చినవానికి నీరసమగును. భోజనమునకు, ఈ బండికి నడుమ రెండు గంటల ఎడముంచుట మేలు. మే నెలలో ఈ రేకుల క్రింది వేడి చెప్పనక్కరలేదు. చెమటలో నీరు పోయినవానికి పోటు మరింత సులభముగా జారును. గోడకు రెండు కిటికీలు పెట్టించిన, మరియొక యంత్రము కొనుటకంటె ఎక్కువ ఫలమున్నదని కార్యదర్శికి ఇదివరకే విన్నవించియుంటిమి.

ఈ ఊపిరి మర్మము మన పెద్దలకు తెలియనిది కాదు. మన ఉత్తరాంధ్ర గ్రామములలో సంక్రాంతికి సంగిడి రాళ్ళు ఎత్తుట మీరందరు చూచినదే. ఈ సభలోనే కూర్చున్న ఒక తాతగారు తమ యౌవనమున పేరు మోసిన ఎత్తరి. మేము ఆయనను అడిగితిమి. "రాయి లేపినప్పుడు ఊపిరి పడతాం, భుజానికెక్కగానే ఒగ్గేస్తాం. ఎత్తినోడు ఎంటనే ఒక్కడూ నిలబడడు బాబూ, పక్కన ఇద్దరు పట్టుకొంటారు" అని ఆయన చెప్పిరి. ఒక్క రాయిని ఒక్క పర్యాయము ఎత్తుటకు ఆ పద్ధతి. దానిని తెచ్చి, ఎడతెగక పదిపన్నెండు మారులు నెట్టు బండికి అంటగట్టి, పట్టుకొను ఆ ఇద్దరిని మాత్రము మన కుర్రవాండ్రు మరచిపోయినారు.

కావున బండిపై నున్నవాడు నెట్టునప్పుడు ఊపిరి విడువవలెను, దింపునప్పుడు పీల్చవలెను. మరచిపోవుదునను భయమున్నచో "ఒకటి, రెండు" అని బిగ్గరగా లెక్కపెట్టుడు. నోట మాట వచ్చుచుండగా ఊపిరి బిగబట్టుట ఎవనికిని సాధ్యము కాదు. మాట రానంత బరువైనచో బిళ్ళలు తీయుడు. మిక్కిలి బరువు క్రింద ఊపిరి తనంత తానే బిగియును, ఎంత జాగ్రత్తపరునికైనను తప్పదు. ముగిసిన పిదప బండికి కొక్కెములు వేసి, రెండు నిమిషములు కూర్చుండి, పాదములు ఆడించి, అప్పుడు లేవవలెను. తల తిరుగుచున్నట్లు తోచిన మరుక్షణమే పిడి త్రిప్పి కొక్కెము వేయవలెను. బరువు పైనుండగా స్పృహ తప్పినచో మోకాళ్ళు రొమ్మును నలుగగొట్టును. ఒంటరిగా వచ్చి దీనిపై ఎక్కరాదని మేము ఖండితముగా చెప్పుచున్నాము.

పడిపోయినవానిని లేపి కూర్చుండబెట్టకుడు. వెల్లకిల పరుండబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుడు. చుట్టు మూగక గాలి రానిండు. తెలివి వచ్చువరకు నోట నీరు పోయరాదు. ఒక్క నిమిషములో తెలివి రానిచో, రొమ్మున నొప్పి యన్నచో, 108కి కబురంపుడు. ఊపిరియే ఆడనిచో రొమ్ము నడుమ రెండు చేతులతో గట్టిగా, వడివడిగా, ఆంబులెన్సు వచ్చువరకు నొక్కవలెను. ఈ విద్యను సంఘములో నలుగురైనను నేర్చుకొనియుండవలెను.

ఇంతవరకు చెప్పినదెల్ల దిగిన పిమ్మట వచ్చు మైకమును గూర్చి. మీ సంఘములో ఒక యువకుని సంగతి వేరు. అతని అనుమతితోనే చెప్పుచున్నాము. కానిస్టేబులు పరీక్షకు సిద్ధమగుచు అతడు వేకువనే పరుగెత్తి, సాయంకాలము ఈ బండి నెట్టుచుండెను. అతడు దిగిన పిమ్మట పడలేదు. నెట్టుచు నెట్టుచు, నడుమనే తెలివి తప్పినాడు. తోటివారు కొక్కెము వేయుటచే బ్రతికినాడు. శ్రమ ముగిసిన తరువాత సొమ్మసిల్లుట ఒకటి, శ్రమపడుచుండగనే సొమ్మసిల్లుట వేరొకటి. రెండవది గుండె వ్యాధికి గుర్తు కావచ్చును. విచారింపగా అతని చిన్నాన్న 30 ఏండ్లకే పొలములో నాగలి దున్నుచు కూలి మరణించెనని తెలిసినది. ఊరివారు గాలి సోకినదనిరి. మేము యువకుని జిల్లా ఆసుపత్రికి పంపితిమి. గుండె స్కానింగులో, గుండె కండ మందముగా పెరిగి, రక్తము వెడలు మార్గమునకు అడ్డుపడుచున్నట్లు కనిపించినది. ఇట్టివానికి ఊపిరి బిగబట్టి ముక్కుట మరింత హాని. ఇది వంశములో సంక్రమించును గావున అతని తమ్ముని, చెల్లెలిని కూడ పరీక్ష చేయించితిమి. తమ్మునికిని ఉన్నది.

ఆ యువకుడు మా యింటి అరుగుమీద కూర్చుండి "మరి నా ఉద్యోగం, డాక్టరుగారూ?" అని అడిగినప్పుడు మాకు వెంటనే నోట మాట రాలేదు. ఆ పరుగుపందెములు, ఈ బరువులు ఇక వలదనియే చెప్పవలసివచ్చినది. మందులు వాడుచు, మెల్లగా నడచుచు, ఇప్పుడు వేరొక పరీక్షకు చదువుచున్నాడు. తన యాశ విడువవలసివచ్చిన దుఃఖము అతనికి ఇంకను తీరలేదు. తీరినదని మేము చెప్పిన అబద్ధమగును.

బండిని ఉంచుటయా, తీయుటయా అనునది మీరు తేల్చుకొనుడు. ఉంచదలచినచో, 40 దాటినవారును, పోటు, చక్కెర, గిలక, కంటి జబ్బు ఉన్నవారును, ఇంట ఎవరైన చిన్నవయసున హఠాత్తుగా మరణించినవారును పరీక్ష చేయించుకొనకుండ దానిపై కూర్చుండరాదని గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. పోటు 180/110 దాటినవారిని గుమ్మములోనే ఆపుడు. వచ్చు గురువారము ఉపకేంద్రపు నర్సమ్మ పోటు చూచు పరికరముతో ఇచ్చటికి వచ్చుటకు ఒప్పుకొనినది. ఉదయము 8 గంటలకు రండు. వచ్చుటకు అరగంట ముందునుండి కాఫీ, చుట్ట మానుడు. గడ్డము చిట్లిన బాలుని తల్లిని మొదటి వరుసలో కూర్చుండుమని మేము కోరియున్నాము. ఆమె ప్రశ్నలు ఇంకను మిగిలియున్నవట.