ముట్టుకోనిస్తేనే చదువు

(విజయవాడలో దళిత విద్యార్థులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక మన చెల్లెలు ఒకామె మాట్లాడింది. కంప్యూటర్ సైన్సులో బీటెక్ పాసయిన పిల్ల. తల్లి నాట్లకు పోతుంది, తండ్రి తాపీపని. "మొదటిరోజు ల్యాబులో నా పక్కనమ్మాయి కంప్యూటరుతో ఆడుకుంటోంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. ఏది నొక్కితే ఏం పాడవుద్దో, ఎవరేమంటారో అని భయం" అంది. ఆ మాట మమ్మల్ని నిలవనీయడం లేదు.

పాఠం రాక కాదు, ముట్టుకోడానికి భయం. ఈ భయం కాలేజీలో పుట్టలేదు. మన తాతలు బావి గట్టు మీద నేర్చుకున్నది. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్ళు తాగింది దాహమేసి కాదు, ముట్టుకునే హక్కు కోసం. 1968లో ఈ పక్కనే కంచికచర్లలో దొంగతనం మోపి కోటేశును సజీవంగా తగలబెట్టారు. పరాయి సొత్తు మీద చెయ్యి వేశావన్న మాట మన ప్రాణం తీసిన నేల ఇది.

ఈ డెల్టాలో చదువు కూడా కాలవ నీళ్ళలాగే పారింది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. నీళ్ళు భూములున్నవాళ్ళ చేలకు పోయినై. కోసింది మనం, కుప్పేసింది మనం. ఆ పంట డబ్బు మిల్లులైంది, సినిమాలైంది, ఆఖరికి ఇంజనీరింగు కాలేజీలైంది. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీ పెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో తొలి ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ అదే. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉండగా 1944లో మొదలైన స్కాలర్‌షిప్పు, రాజ్యాంగమిచ్చిన రిజర్వేషను పట్టుకుని మన పిల్లలు ఇలాంటి కాలేజీల గడప తొక్కారు. సీటు దొరికింది. ఆట దొరకలేదు.

ఆట అంటే నవ్వకండి. 1962లో అమెరికాలో ఎంఐటీ కుర్రాళ్ళు స్పేస్‌వార్ అని ఒక ఆట తయారుచేశారు. వాళ్ళ చేతికిచ్చిన మిషను ఖరీదు ఆ రోజుల్లోనే లక్షా ఇరవై వేల డాలర్లు. తప్పు చేశారు, మళ్ళీ చేశారు. కంప్యూటర్ ఆటల పరిశ్రమకు దారి చూపిన వాటిలో అదొకటి. మన పిల్ల ఒక్క తప్పు చేస్తే "రిజర్వేషన్ వాళ్ళింతే" అంటారు. అందుకే మన పిల్లలు ఆడరు, ప్రోగ్రాములు బట్టీ పడతారు. పరీక్ష గట్టెక్కుతారు, ఇంటర్వ్యూలో తడబడతారు. తెలివి తక్కువై కాదు, తప్పు చేసే స్వేచ్ఛ లేక.

ఇందులో మా తప్పూ ఉంది. మేము పంతుళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటి తరం. బడికి కంప్యూటర్లు వస్తే గుడ్డ కప్పాం, గదికి తాళమేశాం. "ముట్టుకోకండ్రా" అని మన పిల్లలతోనే అన్నాం! ఒకనాడు తొమ్మిదో తరగతి కుర్రాడు మూలపడ్డ కంప్యూటరు మూత విప్పాడు. కసిరాం. "లోపలంతా దుమ్ము సార్, తుడిస్తే ఆడుద్దేమో" అన్నాడు. మెమొరీ ముక్క తీసి పెన్సిలు రబ్బరుతో రుద్దిపెట్టాడు. ఆడింది! మేము తల దించుకున్నాం. ఆ తాళంచెవి ఇప్పుడు పిల్లల దగ్గరే ఉంది.

కంప్యూటరు వస్తే కులం పోద్దని మేము చెప్పడం లేదు. 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో మన గుంటూరు బిడ్డ రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. సాఫ్ట్‌వేరు కంపెనీలున్న అమెరికా సియాటిల్ నగరంలోనే 2023లో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చెయ్యాల్సి వచ్చింది. కులం విమానమెక్కి పోయింది. మనమూ పోరాటం నేర్చుకునే పోవాలి.

కాబట్టి మూడు పనులు. ప్రతి వెల్ఫేర్ హాస్టల్లో కంప్యూటరు గది ఉండాలి, సాయంత్రంపూట అది తెరిచి ఉండాలని అడుగుదాం. లేదంటే హాస్టలు ముందు కూర్చుందాం. రెండు, ఉద్యోగాలొచ్చిన మన ఇంజనీర్లు నెలకొక ఆదివారం పేటకు రావాలి. పాఠం చెప్పక్కర్లేదు, పాత కంప్యూటరొకటి తెచ్చి పిల్లల మధ్య పెట్టండి చాలు. మూడు, ముందు ఆడపిల్లల్ని కూర్చోబెట్టండి.

పాడైతే బాగుచేసుకుందాం. ముట్టుకోనివ్వండి!

జై భీమ్!